ఎవరికీ పనికిరాని బయలు

అయ్యమ్మ దినం ఎప్పుడూ ఒక్కతీరుగానే మొదలయ్యేది. తొలికోడి కూయగానే లేచి, తమ గేరిలోని, అంటే వాడలోని, ఆడవాళ్ళతో కలిసి ఊరి వెనక ముళ్ళపొదల జాలిబయలుకు పోయివచ్చేది. వచ్చి రెండు బిందెల నీళ్ళు తెచ్చి, జొన్నరొట్టెలు కొట్టి, మొగుడి మూటలో నాలుగు, తన మూటలో రెండు కట్టి, పొద్దు మొలిచేసరికి పంపన్న గౌడ చేలో కలుపు మీద వంగి ఉండేది. చేను గౌడది. దున్నేది మాత్రం అయ్యమ్మ మొగుడు దుర్గప్ప, పన్నెండేళ్ళుగా, పాలుకు. పండినదాంట్లో సగం గౌడకు, సగం వీళ్ళకు.

నెలకు ఒకటి రెండుసార్లు ఆ చేనుగట్టు మీదికి పంచాయతీ సెక్రెట్రీ హంపయ్య సైకిలు వచ్చేది. హ్యాండిలుకు ఒక గుడ్డసంచి వేలాడేది. సంచిలో ఠరావు బుక్కు, అంటే పంచాయతీ సభ చేసిన తీర్మానాలన్నీ రాసిపెట్టే లావుపాటి పుస్తకం, దాంతోపాటు ఒక ఇంకు ప్యాడు. అయ్యమ్మ కలుపు తీసే ఖురిపి పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకొని, ఎడమ బొటనవేలు చాచేది. హంపయ్య ఆ వేలిని ప్యాడుకు అద్ది, బుక్కులో తాను చూపిన చోట నొక్కించి, "అయిపాయె, ఇంగ నీ పని చూసుకో" అని సైకిలెక్కేవాడు.

అయ్యమ్మ బూదిగుంట పంచాయతీకి మెంబరు.

అది కూడా విచిత్రంగానే జరిగింది. సర్కారుది కొత్త కాయిదా, అంటే చట్టం, వచ్చింది, ప్రతి పంచాయతీలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండితీరాలన్నారు. పంపన్న గౌడ ఛేర్మన్. ఊరికి రెండు మైళ్ళ అవతల తుంగభద్ర కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చి కాంపు వేసుకున్న రైతుల్లో ఆంజనేయులు అనే ఆయన గౌడకు దోస్తు. గౌడ ఆయన భార్య వసంతలక్ష్మి పేరు ఒకటి రాయించాడు. రెండో పేరు కోసం బుర్ర గోక్కుంటుంటే, ఎదురుగా ఎద్దులకు నీళ్ళు పెడుతున్న దుర్గప్ప కనబడ్డాడు.

"దుర్గా, నీ ఆడమనిషి పేరేందిరా?"

"అయ్యమ్మ, గౌడా."

అంతే. పోటీ లేదు, ఓటు లేదు. హంపయ్య మొదటి ముద్ర కోసం చేనుకు వచ్చిన దినం గానీ తాను మెంబరునని ఆమెకు తెలియలేదు.

"మెంబరంటే ఏం జెయ్యాలె అయ్యా?" అని అడిగింది.

"ఏం లేదు. ఏలు ఉంటే చాలు."

ఆ మొదటి ముద్ర సాయంత్రానికి ఆమె దగ్గరికి తిరిగి వచ్చేసింది. రొట్టె కొడుతుంటే పిండి మీద నల్లటి గీతలు పడ్డాయి. చూసుకుంటే, మధ్యాహ్నమే మట్టితో రుద్ది కడిగేసిన బొటనవేలికి సిరా తడితడిగా అంటి ఉంది. మరునాడు హంపయ్య వచ్చి బుక్కు తెరిచి చూపించాడు. ఆమె పేరు ఉంది. పేరు పక్కన తెల్లటి చోటు ఉంది.

"నీ కాడికే వచ్చిందా?"

"వచ్చింది అయ్యా. రొట్టెలకంత అంటుకుంది."

"కొందరియి గట్లనే ఉంటయిలే. మళ్ళ పెట్టు."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ వచ్చింది. సంతలో కొన్న దూడ తాళ్ళు తెంపుకొని పాత కొట్టానికి పోవడంలేదా, ఇదీ అంతే అనుకున్నారు ఊళ్ళో. "ఇయ్యాల వచ్చిందా అక్కా?" అని గేరి ఆడవాళ్ళు అడిగేవారు, పాలు విరిగినయా అని అడిగినంత మామూలుగా. హంపయ్య రాయచూరు నుంచి వంకాయరంగు సిరా తెచ్చాడు. దీపపు మసి ఆముదంలో కలిపి చూశాడు. ఏ రంగు పెడితే ఆ రంగే తిరిగి వచ్చేది.

సంగతేమిటో శ్రావణంలో ఒక వాన వల్ల తెలిసింది. హంపయ్య వచ్చిన వేళకు జల్లు పట్టుకుంది. ఇద్దరూ మంచె కింద చేరారు. ఊరికే కూర్చోలేక అయ్యమ్మ అడిగింది, "దీంట్ల ఏం రాసిన్రు అయ్యా?" ఊరికే కూర్చోలేక హంపయ్యా చదివాడు. కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. బడికి కొత్త గంట కొనాలని ఒకటి, ఊరబావి గిలకకు కొత్త మోకు వేయాలని ఒకటి.

"మోకు జరూరే. పాతది పోగులు పోగులు లేస్తుంది, చేతులు కోసుకపోతున్నయి" అని అయ్యమ్మ వేలు నొక్కింది. ఆ ముద్ర రాలేదు. మరునాడు రాలేదు, వారమైనా రాలేదు.

అప్పటినుంచి హంపయ్య చదివి వినిపించాకే ముద్ర వేయించుకునేవాడు. మంచితనమేమీ కాదు, ఒకే పనికి రెండుసార్లు సైకిలు తొక్కే బాధ తప్పుతుందని. అతను చదువుతుంటే చుట్టుపక్కల సాళ్ళలోని ఆడవాళ్ళంతా నడుములు ఎత్తి వినేవారు. ఆ యేడు బూదిగుంటలో ఊరి సంగతులు చావడి అరుగు మీద మగవాళ్ళకన్నా కలుపు తీసే ఆడవాళ్ళకే ఎక్కువ తెలుసు.

"మా గేరిల దీపస్తంభం ఎందుకు లేదయ్యా?" అని ఒకసారి అడిగింది అయ్యమ్మ.

"అది నన్ను కాదు, సభల అడగాలె."

"సభకు నన్ను పిలుస్తరా?"

హంపయ్య సైకిలు బెల్లును పంచె అంచుతో తుడుచుకున్నాడు.

దీపావళి దాటి పత్తి విచ్చుతున్న రోజుల్లో హంపయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి సైకిలు దిగకుండానే, ఒక కాలు గట్టు మీద ఆనించి బుక్కు తెరిచాడు. "బడి కప్పు బాగుచేసే ఠరావు" అన్నాడు, కాగితం వైపు చూడకుండానే.

"మంచిదే గద. వానకు పిల్లలు తడుస్తున్నరు" అని అయ్యమ్మ ముద్ర వేసింది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు ముద్ర వచ్చేసింది.

ఆమె బొటనవేలిని దీపం దగ్గర పెట్టుకొని చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళూ చెప్పనప్పుడు వచ్చేది. ఇప్పుడు చెప్పినా వచ్చింది. అంటే చెప్పింది అబద్ధమన్నమాట.

దుర్గప్పతో ఈ మాటే అంది. అతను బీడీ తీసి, "ఊకో. గౌడ సంగతులు మనకెందుకు?" అన్నాడు.

"నేను మెంబర్ను గద."

"పేరుకు."

"ఆ పేరు నాదే గద మరి."

తెల్లారి హంపయ్య ఇంటికి పోయి గడప ముందు నిలబడింది. అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు, "నన్నేం అడగొద్దు అయ్యమ్మా. నౌకరీ మనిషిని. శుక్రవారం చావడిల సభ ఉంది. రాయచూరు నుంచి బ్లాకు ఆఫీసరు వస్తున్నడు. మెంబరువు, నువ్వు వస్తే ఎవ్వరు ఆపరు."

శుక్రవారం అయ్యమ్మ తనకున్న ఒక్క ఇల్కల్ చీర కట్టుకుంది. చావడి ముందునుంచి పోవాలంటే ఆడవాళ్ళు చెప్పులు చేత పట్టుకొని తల తిప్పుకొని పోయే ఊరు అది. ఆమె మెట్లెక్కి లోపలికి పోయింది. తొమ్మిదిమంది మగ మెంబర్లు జంపఖానా మీద ఉన్నారు. ఆఫీసరు కుర్చీలో ఉన్నాడు, పడుచువాడు, ధారవాడ వైపు మనిషే అయినా తెలుగు వచ్చినవాడు. ఒక మూల వసంతలక్ష్మి, ఆమె పక్కనే మెంబరు కాకపోయినా మెంబరుకన్నా దర్జాగా ఆంజనేయులు. అయ్యమ్మకు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. స్తంభాన్ని ఆనుకొని నిలబడింది. దుర్గప్ప మెట్ల కింద, ఎండలో నిలబడ్డాడు.

పంపన్న గౌడ ఆమెను చూసి కనుబొమలు ఎత్తి, ఆఫీసరును చూసి దించాడు. హంపయ్య కన్నడంలో చదివాడు.

"తెలుగుల చెప్పయ్యా" అంది అయ్యమ్మ.

హంపయ్య ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు తలూపాడు. హంపయ్య చెప్పాడు. ఊరి వెనక మూడెకరాల సర్కారీ బీడు ఉంది. ముళ్ళజాలి పొదలు తప్ప ఏమీ లేవు. ఎవరికీ పనికిరాదు. దాని పక్కనుంచి పిల్లకాలువ తవ్వబోతున్నారు గనుక, వరి సాగుకు ఆంజనేయులుకు ఇప్పించాలని సభ ఏకాభిప్రాయంతో కోరుతున్నది.

అయ్యమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఊరి వెనక బీడు ఏది? ఆ తర్వాత అర్థమైంది, అది జాలిబయలే, బడి కప్పు అని తన వేలు నొక్కించింది దీనికే.

"పనికొస్తది" అంది.

"దేనికి?" అన్నాడు పంపన్న. "ఆడ ఒక గడ్డిపోచన్న మొలుస్తదా?"

చావడిలో ఉన్న ప్రతి మగవాడికీ దేనికో తెలుసు. వాళ్ళ తల్లులు, పెండ్లాలు, బిడ్డలు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అక్కడికే పోతున్నారు. కాని ఆ మాట నోట అనేవాళ్ళు లేరు. అయ్యమ్మ కాళ్ళ కింద నేల చూసింది, తర్వాత ఆఫీసరును చూసింది.

"ఊరి ఆడోళ్ళందరం పొద్దు పొడవకముందు చెంబు పట్టుకొని ఆడికే పోతం సారూ. జాలి ఉంది గనుకనే చాటు. ఆ చాటు కొట్టేస్తే ఊర్ల ఆడమనిషికి ఇంకో చాటు లేదు. కడుపుతో ఉన్నది ఏడికి పోవాలె? నిన్న పెద్దమనిషైన పిల్ల ఏడికి పోవాలె?"

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. పంపన్న ముఖం కందగడ్డ అయింది. "సభల అనే మాటనా ఇది? ఇజ్జత్ లేదా నీకు?"

"ఇజ్జత్ కోసరమే గౌడా అడుగుతున్న. నా ఒక్కదాని ఇజ్జత్ కాదు. మీ ఇంట్ల ఆడోళ్ళది గూడ."

ఆఫీసరు కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, మూలకు తిరిగాడు. "ఇంకో మహిళా మెంబరు మీరే కదా అమ్మా. మీరేమంటారు?"

వసంతలక్ష్మి పెదవి కదిలింది. ఆంజనేయులు ఆమె వైపు తిరిగి చూడలేదు, కూర్చున్నచోటే కాస్త సర్దుకున్నాడు. అంతే.

"మావారు ఎలా అంటే అలాగేనండి" అంది. బుక్కు తెచ్చి ఇస్తే సంతకం చేసింది. ముత్యాలు పేర్చినట్టుండే రాత.

ఆఫీసరు నిట్టూర్చాడు. "ఒక్కరి మాట మీద ఆపలేను. రెండో ఆవిడ కూడా ఔనన్నాక, ఆడవాళ్ళకు అభ్యంతరం లేదనే అనుకోవాలి." ఏకాభిప్రాయం అన్న మాట కొట్టేసి, మెజారిటీ అని రాసి, బుక్కు సంచిలో పెట్టుకొని జీపెక్కాడు.

మూడోనాడు పంపన్న దుర్గప్పను పిలిచి, "ఈ పంట ఎత్తినంక చేను నేనే చూసుకుంటలే" అన్నాడు. దుర్గప్ప ఇంటికి వచ్చి గోడకు ఒరిగి కూర్చున్నాడు. అప్పటినుంచి భార్యతో మాట్లాడలేదు. గేరిలోనూ కొందరు మొహం తిప్పుకున్నారు. "మగోళ్ళందరి ముంగట గా మాటనొచ్చునా? మేం తలెట్ల ఎత్తుకోవాలె?" అన్నారు. హనుమవ్వ అనే ముసలామె ఒక్కతే పుంటికూర గిన్నె తెచ్చి, "నా నడుములు పొయ్యినయి బిడ్డా, దూరం నడవలేను. నా మాటనే నువ్వన్నవు" అని పెట్టిపోయింది. అయ్యమ్మ ఆ పూట ఆ కూర తింటూ ఏడ్చింది.

వారం గడిచింది. అయ్యమ్మ ఒడిలో పత్తి నింపుకుంటుంటే చేనుగట్టు మీద ఎవరో ఆడమనిషి కనిపించింది. కాంపు నుంచి రెండు మైళ్ళు నడిచి వచ్చిన వసంతలక్ష్మి. జరీచీర కుచ్చిళ్ళంతా దుమ్ము. కుడిచెయ్యి కొంగులో దాచుకొని ఉంది.

"అక్కా" అని పిలిచింది.

వాళ్ళిద్దరి మధ్య అదే మొదటి పలకరింపు.

"ఏమమ్మా, ఇంత దూరం నడిచొస్తివి?"

వసంతలక్ష్మి కొంగు తీసి చెయ్యి చాపింది. అరచేతిలో, చూపుడువేలి మొదలునుంచి మణికట్టు దాకా, నీలిసిరాతో, ముత్యాలు పేర్చినట్టు: వసంతలక్ష్మి. తడి ఇంకా ఆరలేదు.

"సున్నిపిండి పెట్టి రుద్దాను, చింతపండు పెట్టి రుద్దాను. పోవడం లేదు. ఆయనకు చూపిస్తే, కొంగులో పెట్టుకో, నాలుగు రోజుల్లో అదే పోతుందిలే అన్నారు."

అయ్యమ్మ ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకొని చూసింది. "నాకైతే చెప్పకపోతే వచ్చేది. నీకు అంత తెలిసే పెట్టినవు గద దస్కతు?"

"తెలిసే పెట్టాను" అంది వసంతలక్ష్మి. "మేం ఇక్కడికి వచ్చిన కొత్తల్లో కాంపులో చాటన్నదే లేదక్కా. కాలువగట్టు మీద కూర్చుంటే మట్టిలారీల లైట్లు పడేవి. లేచి నిలబడేదాన్ని, కూర్చునేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని. అప్పుడు నాకు ఆరో నెల. మీరు ఆవేళ చెబుతుంటే అదంతా నోటిదాకా వచ్చింది. మింగేశాను."

పత్తిచేలో గాలి తిరిగింది.

"ముద్ర తిరిగి వస్తే మీరేం చేశారక్కా?"

"నేనేం చేస్త? నిజమేందని అడగనీకె పోయిన."

"అయితే నేను చెప్పడానికి పోతాను. రాయచూరు. కానీ ఒంటరిగా ఎప్పుడూ బస్సెక్కలేదు. మీరు కూడా వస్తారా? ఆయన మాన్వి వెళ్ళారు, సాయంత్రానికి గానీ రారు."

అయ్యమ్మ ఒడిలోని పత్తి గోనె మీద దులిపింది. చేను అవతలి కొసన దుర్గప్ప పని ఆపి చూస్తున్నాడు. ఇద్దరూ గట్టెక్కి నడవడం మొదలుపెట్టగానే అతనూ వచ్చి, నాలుగడుగులు వెనకగా, బస్సు ఆగే కల్మల రోడ్డు దాకా నడిచాడు. దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చింది. అయ్యమ్మ ఎక్కుతుంటే అన్నాడు:

"కిటికీ కాడ కూసో. లేకుంటే నీకు కడుపుల తిప్పుతది."

రాయచూరులో ఆఫీసరు వాళ్ళను గుర్తుపట్టాడు. బీరువాలోంచి బుక్కు తెప్పించి తెరిచాడు. ఔనన్నవాళ్ళ పది పేర్ల వరసలో ఒక్కచోట, వసంతలక్ష్మి సంతకం ఉండాల్సినచోట, కాగితం తెల్లగా ఉంది. వసంతలక్ష్మి చెయ్యి చాపింది. అతను ఆమె అరచేతిలోని అక్షరాలనూ, పాత పేజీల్లోని సంతకాలనూ కళ్ళద్దాలు సర్దుకొని పోల్చి చూశాడు.

"మీదే. సంతకం వెనక్కి వచ్చిందంటే మాట వెనక్కి తీసుకున్నట్టే. అయితే ఇప్పుడు మీ మాట రాసివ్వండి. తెలుగులోనే రాయండి, పరవాలేదు."

వసంతలక్ష్మి బల్ల కొసన కూర్చొని రాసింది. రాసినది ఒక్కొక్క ముక్కా అయ్యమ్మకు చదివి వినిపించింది. "కాలువగట్టు సంగతి గూడ రాయి" అంది అయ్యమ్మ. ఆమె తల వంచుకొని అదీ రాసింది. చివర సంతకానికి కలం అక్కర్లేకపోయింది. కాగితం మీద అరచెయ్యి ఆనించగానే అక్షరాలు ఒకటి వెంట ఒకటి జారి కాగితం మీద కూర్చున్నాయి. దాని పక్కన అయ్యమ్మ వేలు నొక్కింది.

ఆఫీసరు రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. "ఇద్దరు ఆడ మెంబర్లు పనికొస్తుందని రాసిచ్చాక, ఎవరికీ పనికిరాదని నేను పైకి పంపలేను. ఈ ఠరావు వెనక్కి పోతుంది." కలం ముంచాడు. ఆ భూమి దేనికి వాడుతున్నారో రాయాల్సిన గడి దగ్గర ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ప్రజోపయోగం అని రాస్తాను. సరిపోతుంది కదా?"

"సరిపోదు సారూ" అంది అయ్యమ్మ. "రేపు నువ్వు బదిలీ అయి పోతవు. ఇంకొకడొచ్చి ఏం ప్రజ, ఏం ఉపయోగం అంటడు. ఉన్నది ఉన్నట్టు రాయి. చెప్పనీకె నేను సిగ్గుపడలే, రాయనీకె నీకెందుకు?"

అతను ఆమెను ఒకసారి చూసి, ఉన్నది ఉన్నట్టు రాశాడు. రాసినదాన్ని తెలుగులో పైకి చదివాడు కూడా.

బయలు నిలిచింది. చేను మాత్రం పోయింది. పంట ఎత్తగానే పంపన్న తీసేసుకున్నాడు. దుర్గప్ప, అయ్యమ్మ రెండేళ్ళు పిల్లకాలువ తవ్వకంలో మట్టి మోశారు. నాలుగేళ్ళకు మళ్ళీ ఎన్నికలు వచ్చినప్పుడు గౌడ రెండు కొత్త పేర్లు రాయించాడు. వీళ్ళిద్దరూ తమ పేర్లు తామే రాయించుకున్నారు. బూదిగుంటలో ఆడ మెంబర్ల కోసం మొదటిసారి ఓట్ల పెట్టెలు పెట్టాల్సి వచ్చింది, హనుమవ్వను మంచం మీద మోసుకొచ్చి ఓటు వేయించారు, ఇద్దరూ గెలిచారు. అదంతా తర్వాతి మాట.

రాయచూరు నుంచి ఆ సాయంత్రం వాళ్ళు బస్సు దిగేసరికి కల్మల రోడ్డు మీద దుర్గప్ప పొద్దున నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు. కాస్త దూరంలో ఎడ్లబండి. బండి పక్కన ఆంజనేయులు, మాన్వి నుంచి తొందరగా వచ్చేసినట్టున్నాడు.

"ఎక్కడికి వెళ్ళావు?" అన్నాడు భార్యతో. గొంతు పెంచలేదు. చుట్టూ జనం దిగుతున్నారు.

వసంతలక్ష్మి కొంగు భుజం మీద సర్దుకుంది. రెండు చేతులూ బయటే ఉన్నాయి. అయ్యమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుందామనుకొని, ఆగింది.

"పంచాయతీ పని ఉండి వెళ్ళానండి" అంది వసంతలక్ష్మి.

ఆంజనేయులు ఇంకేదో అనబోయాడు. ఆమె అప్పటికే బండి ఎక్కి కూర్చుంది.